పిలిస్తే తప్ప లేవని మనిషి

పనిచేయని మనిషిని తీసెయ్యడం చాలా తేలిక అని ఈ మధ్య మేనేజర్లయిన కుర్రవాళ్ళు నాతో అంటుంటారు. పక్కకు పిలిచి, కాఫీ ఇచ్చి, రేపటి నుంచి రానక్కర్లేదని చెప్పడమేనట. నాయనా, ఆ మాట మీరు బెంగళూరులో చెప్పగలరు. ప్రొద్దుటూరులో చెప్పలేరు. తీసేసిన మనిషి మర్నాడు పొద్దున టీ బంకు దగ్గర ఎదురవుతాడు. వాళ్ళావిడ మీ ఆవిడకు కూరగాయల బండి దగ్గర ఎదురవుతుంది. ఆ వారమంతా మీ ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువవుతుంది. అందుకే ఇలాంటి పని ఒకటి నా నెత్తిన పడినప్పుడు ఏం జరిగిందో మీకు చెప్పాలనుకుంటున్నాను. పాఠం ఉందో లేదో మీరే చూసుకోండి.

నాది జమ్మలమడుగు. మీసాలు రాని వయసులో ప్రొద్దుటూరు వచ్చి ఒక బట్టల అంగట్లో సేల్స్‌మన్‌గా చేరి, అదే అంగట్లో మేనేజరుగా రిటైరయ్యాను. మా అంగట్లో కుర్చీలు, గాజు బల్లలు ఉండేవి కావు. నేల మీద పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు. చీర అడిగితే చూపించకూడదు, విసరాలి. మడత విప్పి ఒక్క విసురు విసిరితే కొంగు పోయి కొనే ఆమె ఒళ్ళో పడాలి. ఒళ్ళో పడిన చీరను తోసెయ్యడానికి ఆడవాళ్ళకు మనసొప్పదు. 'మళ్ళీ వస్తాం' అని లేచినవాళ్ళను మెట్లు దిగనియ్యకూడదు. అక్కా అనాలి, వదినా అనాలి, అవసరమైతే వాళ్ళ ఊళ్ళో మనకు లేని చుట్టరికం కలపాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా వ్యాపారంలో నోరు ఉంటే చాలు, మంచిదా కాదా అని ఎవరూ అడగరు.

అలాంటి అంగట్లోకి నేనే నా చేతులారా నోరు లేని మనిషిని తెచ్చిపెట్టాను.

అతను మా వీధి మనిషే. కువైట్‌లో ఒక అరబ్బుల ఇంట్లో ఏళ్ళ తరబడి డ్రైవరుగా చేసి, ఇక చాలని తిరిగొచ్చాడు. వయసు యాభై దగ్గర పడింది. ఒక్కతే కూతురు, బాగా చదివే పిల్ల. ఇడుపులపాయ ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చి హాస్టల్లో చేరింది. ఆ పిల్ల పుట్టినప్పుడు ఇతను కువైట్‌లోనే, నడిచినప్పుడూ అక్కడే, బడిలో మొదటి బహుమతి తెచ్చుకున్నప్పుడూ అక్కడే. ఇక్కడ ఏదో ఒక ఉద్యోగం నిలబడితే ఉంటాడు, లేదంటే మళ్ళీ విమానం ఎక్కాల్సిందే. పాత యజమాని రమ్మని కబురు పంపుతూనే ఉన్నాడట. అతని భార్య మా ఆవిడను అడిగింది. మా ఆవిడ నన్ను అడిగింది. మా ఇంట్లో అడగడమంటే ఏమిటో పెళ్ళయినవాళ్ళకు వివరించనక్కర్లేదు. నేను వెళ్ళి మా షావుకారుకు నాది పూచీ అని చెప్పాను. అంగట్లో అందరూ అతన్ని కువైట్ భాయ్ అనేవాళ్ళు. నన్ను అతను మామా అనేవాడు.

వారం తిరక్కుండానే నా తల ప్రాణం తోకకొచ్చింది. చీర అడిగితే మడత విప్పకుండా ఎదురుగా పెట్టి, చేతులు కట్టుకొని కూర్చునేవాడు. బాగుందా అని అడిగితే, మీకు నచ్చితే బాగున్నట్టే అనేవాడు. మళ్ళీ వస్తామంటే సరేనమ్మా అని చీర తీసుకెళ్ళి అరలో పెట్టేసేవాడు. ఒకసారి పులివెందుల నుంచి చీనీకాయల తోటలున్న ఆసామి ఒకాయన రెండు బండ్ల నిండా ఆడవాళ్ళతో కూతురి పెళ్ళి బట్టలకు వచ్చాడు. అలాంటి బేరం తగిలిందంటే ఆ పూట అంగడంతా పండగే. పెళ్ళికూతురి మేనత్త ఒక చీర కొంగు పట్టుకొని రంగు పోతుందా అని అడిగింది. ఆ ప్రశ్నకు ప్రపంచంలో ఉన్న సేల్స్‌మన్‌లందరిదీ ఒకటే జవాబు.

"రెండు ఉతుకులకు పోతాదమ్మా," అన్నాడు మావాడు.

రెండు బండ్ల ఆడవాళ్ళూ ఒక్కసారే లేచారు. నేను మెట్ల దగ్గర అడ్డం పడ్డాను, చుట్టరికాలు కలిపాను, కూల్‌డ్రింకులు తెప్పిస్తానన్నాను. అందరూ ఎదురంగడికి వెళ్ళి అక్కడ పరుపులన్నీ నిండుగా కూర్చున్నారు. మా సీనియర్ సేల్స్‌మన్, నాలుకతోనే ఇల్లు కట్టుకున్న మనిషి, భాయ్ మనకు పనిచేస్తున్నాడా ఎదురంగడికి పనిచేస్తున్నాడా అని అందరి ముందూ నన్నే అడిగాడు.

భాయ్‌ను పంచెలు, టవళ్ళ వైపు మార్చాను. పంచె కొనేవాడు ఎటూ మాట్లాడడు, ఇతనూ మాట్లాడడు, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు. వాకిట్లో నిలబడి వచ్చేపోయేవాళ్ళను పిలవమన్నాను. రాండి అన్న ఒక్క మాట నోట్లోంచి ఊడిపడేది కాదు. పైగా ఏదో అంగడి ఎక్కడని పల్లెటూరివాళ్ళు అడిగితే, తనే వెంట వెళ్ళి చూపించి వచ్చేవాడు. చివరికి మిద్దె మీద సరుకు సర్దమని పంపాను. ఒకరోజు నేను పైకి వెళ్ళేసరికి బట్టల మూట మీద వీపు నిటారుగా పెట్టుకొని కూర్చొని ఉన్నాడు. నిద్రపోవడం లేదు, ఫోన్ చూడడం లేదు.

"ఏం చేస్తాండావు భాయ్?"

"పిలుస్తారని కూచోనుండా మామా."

నాకు ఒళ్ళు మండింది. ఇది పనా, పెళ్ళి చూపులా అని గట్టిగానే అడిగాను. అప్పుడు అతను చెప్పిన మాటలు, అన్నాళ్ళలో అతని నోట విన్న అతి పెద్ద ప్రసంగం.

"ఆడ కువైట్‌లో గేటు పక్కన రూము మామా. పిలిస్తే లేయల్ల, పిలవకపోతే కూచోవల్ల. అడక్కుండా మాట్లాడితే తప్పు, అడక్కుండా లేస్తే తప్పు. ఇన్నేండ్లు అదే పని. ఇప్పుడు మాట్లాడమంటే యాడి నుంచి వస్తాది?"

నాకు జాలి వేసింది. జాలితో చీరలు అమ్ముడుపోవు కాబట్టి కోపం కూడా తగ్గలేదు. ఆ రెండింటినీ పెట్టుకొని మెట్లు దిగి వస్తే కింద మా షావుకారు ఎదురుచూస్తున్నాడు. ఆయన మంచివాడే. తాతల నాటి అంగడి, ఊళ్ళోకి ఏసీ మాల్స్ వచ్చాక నిలబెట్టుకోవడానికి నానా తంటాలు పడుతున్నాడు. కూర్చున్నవాళ్ళకు జీతమిచ్చే రోజులు కావవి.

"దసరా దాకా చూస్తానప్పా. నీ మాట మీద పెట్టుకుంటి, అప్పటికీ ఇంతే అయితే నీ నోటితోనే పంపించు," అన్నాడు.

మింగలేక కక్కలేక ఇంటికి వెళ్ళాను. కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది, ఇంకా ఎవరికీ తెలియదు గదా.

శ్రావణమాసం వచ్చింది. పెళ్ళిళ్ళ కాలం. ఇక్కడ మా వ్యాపారంలోని ఒక పద్ధతి మీకు చెప్పాలి. బట్టల అంగడికి పెళ్ళివాళ్ళే కాదు, చావు జరిగిన ఇంటివాళ్ళూ వస్తారు. పోయిన మనిషి మీద కప్పడానికి, దినాలకు పెట్టడానికి కొత్త బట్టలు కావాలి. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు కోక తేవాలి. అలాంటివాళ్ళు పొద్దున్నే వస్తే, బోణీ అయ్యేదాకా మెట్ల కింద నిలబడమనేవాళ్ళం. మొదటి బేరం చావు బట్ట కాకూడదని. వాళ్ళకూ ఆ సంగతి తెలుసు, తప్పు పట్టరు. బోణీ అయ్యాక మాలో ఎవడో ఒకడు ముఖం చిట్లించుకుంటూ వెళ్ళి, చేతికందింది ఇచ్చి పంపేవాడు. బేరమాడే ఓపిక ఉండదు కాబట్టి అమ్ముడుపోని సరుకు అలా వదిలించుకోవడం కూడా ఉండేది. అన్ని అంగళ్ళలోనూ అంతే.

ఆ రోజు ముద్దనూరు దగ్గరి పల్లె నుంచి ఒక ముసలాయన వచ్చాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని, ఎవరూ చెప్పకుండానే మెట్ల కింద ఒక పక్కగా నిలబడ్డాడు. అది చూస్తే చాలు మాకు అర్థమైపోతుంది. ఇంకా బోణీ కాలేదు. అందరం ఎటో చూస్తూ దుప్పట్లు దులుపుతున్నాం. కువైట్ భాయ్ లేచాడు. ఎవరూ పిలవలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి, ముసలాయన చెయ్యి పట్టుకొని లోపలికి తెచ్చి పరుపు మీద కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాడు. నీళ్ళు ఇచ్చి ఊరుకున్నాడు. ఏం కావాలి అని కూడా అడగలేదు.

ఆయనే కాసేపటికి నోరు తెరిచాడు. చెల్లెలు పోయింది. పుట్టింటి కోక తీసుకెళ్ళాలి. ఎప్పుడూ భార్యే కొనేది, తనకు ఏమీ తెలియదు. భాయ్ నాలుగైదు చీరలు తెచ్చి ఒక్కొక్కటీ ఆయన చేతుల్లో పెట్టాడు. ఆయన ఒక దాన్ని పట్టుకొని అంచు మీద వేళ్ళతో రాస్తూ అడిగాడు.

"ఇది గుచ్చుకుంటాదేమో గదప్పా?"

మా సీనియర్‌కు నవ్వు వచ్చింది. పోయిన మనిషికి గుచ్చుకోవడమేమిటి. భాయ్ నవ్వలేదు. ఆ అంచు తీసుకొని తన చెంపకు ఆనించుకొని చూశాడు. రవంత గరుగ్గా ఉంది పెద్దాయనా అని చెప్పి, లోపలికి వెళ్ళి మెత్తటిది వెతికి తెచ్చాడు. దాన్ని ముసలాయన కూడా చెంపకు ఆనించుకున్నాడు. అలాగే చాలాసేపు ఉండిపోయాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళుగా కొన్ని వేల కొంగులు ఒళ్ళోకి విసిరినవాణ్ణి, ఒక్కరినైనా ఇంత తృప్తిగా పంపానా అనిపించింది.

ముసలాయన వెళ్ళగానే సీనియర్ అరిచి అంగడంతా ఏకం చేశాడు. పెళ్ళిళ్ళ నెలలో చావు బట్టతో బోణీ చేశాడు, ఇక ఈ సీజను అయినట్టే అని కేకలు. షావుకారు వచ్చేసరికి మిగతావాళ్ళూ గొంతు కలిపారు. దసరా దాకా ఎందుకు, ఈ పూటే పంపించమని ఆయన నాకు చెప్పాడు. భాయ్ ఒక మూల చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. తన తరఫున ఒక్క మాట మాట్లాడుకోడు, బెల్లం కొట్టిన రాయిలా.

నాకప్పుడు తోచిన మాట చెప్పాను. మా అంగడికి పక్క సందులోకి ఒక వాకిలి ఉంది. ఒకప్పుడు సరుకు దించుకునేది, ఇప్పుడు మూసే ఉంటుంది. దాన్ని తెరిచి, పంచెలు, టవళ్ళు, మామూలు చీరలు, ముస్లిం ఇళ్ళలో శవానికి చుట్టే కఫన్‌కు కావలసిన తెల్లబట్ట అక్కడ పెడదాం. చావు బట్టలకు వచ్చినవాళ్ళు అటు నుంచి వస్తారు, ముందువైపు బోణీకి మైల ఉండదు, మెట్ల కింద ఎవరినీ నిలబెట్టనక్కర్లేదు. భాయ్ అక్కడ కూర్చుంటాడు.

"మనంగట్లో చావు కొట్టు పెడతామాప్పా?" అన్నాడు షావుకారు.

"వాళ్ళు ఎట్లన్నా వస్తానే ఉండారు గదా. నిలబెట్టి ఇచ్చేది కూచోబెట్టి ఇస్తాం," అన్నాను. ఆయన ఒప్పుకున్నాడని అనలేను. దసరా గడువు మాత్రం గడువే అని చెప్పి గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళిపోయాడు.

పక్క వాకిలికి బోర్డు పెట్టలేదు. ఏమని రాయిస్తాం. ఒక చిన్న చెక్క బల్ల, ఒక నీళ్ళ కుండ, గోడకు అరలు. అంతే. అయినా నోటి మాటగా తెలిసిపోయింది. చిలమకూరు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు, మైలవరం పల్లెలవాళ్ళు, మా జమ్మలమడుగువాళ్ళు తిన్నగా సందులోకే రావడం మొదలుపెట్టారు. భాయ్‌కు అక్కడ నోటితో పనిలేదు. వచ్చినవాళ్ళు ఏడిస్తే ఏడ్చేదాకా కూర్చునేవాడు. ఎవరో వచ్చి రెండు గంటలు తమ తండ్రి గురించి చెప్పి, ఒక్క టవలు కొనుక్కొని వెళ్ళేవాళ్ళు. పిలుపు కోసం ఎదురుచూసే ఆ పాత అలవాటే ఇక్కడ ఓర్పు అయింది. నేను మధ్యాహ్నం భోజనమయ్యాక అటు వెళ్ళి కాసేపు కూర్చునేవాణ్ణి. అంగడంతటిలోకీ ప్రశాంతమైన చోటు అదే.

కానీ టవళ్ళ మీద అంగడి నడవదు. షావుకారు ఆ వైపు తొంగి కూడా చూసేవాడు కాదు. శుభమా అని అంగడి నడుపుకుంటూ పక్కనే చావు వాకిలి ఏమిటని ఆయన భార్య కూడా పట్టుబట్టిందట. గడువు సంగతి నేనే భాయ్‌కు చెప్పాను. దాచడం నాకు చేతకాదు. అతను తల ఊపాడు. మర్నాడు పాత యజమానికి ఫోన్ చేశానని, వీసా పంపుతానన్నాడని చెప్పాడు. కూతురికి చెప్పావా అంటే లేదన్నాడు.

దసరా ఇంకా కొద్ది రోజులుందనగా మా షావుకారు తల్లి పోయింది. నిండు జీవితం గడిపిన మనిషి, ఎవరికీ చేయించుకోకుండా నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆమెదీ జమ్మలమడుగే. నన్ను మా ఊరోడా అని పిలిచేది, పండగకు అరిసెలు కట్టి ఇచ్చేది. ఆమె అన్నదమ్ములు ఎప్పుడో పోయారు, పుట్టింట్లో దీపం పెట్టేవాళ్ళు కూడా లేరు. పుట్టింటి కోక ఎవరు తేవాలనే మాట వచ్చింది. ఆ ఊరివాణ్ణి నేనున్నానని ఎవరో అన్నారు. షావుకారు తాళాలు తీసుకొని, పద నేనూ వస్తానని లేచాడు.

ముందు షట్టర్లు మూసి ఉన్నాయి కాబట్టి సందులోంచి వెళ్ళాం. అంగడికి సెలవైనా భాయ్ వచ్చి గడప దగ్గర ఉన్నాడు. షావుకారు అతన్ని చూడకుండానే పైకి వెళ్ళి, పట్టుచీరలు ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టాడు. ఒకటి విప్పి చూసి పడేస్తాడు, ఇంకొకటి లాగుతాడు. జిల్లాలో సగం పెళ్ళికూతుళ్ళకు చీరలు ఎంచి ఇచ్చిన మనిషి. నేనేమన్నా తక్కువా. ఇద్దరికీ ఏదీ సరిపడడం లేదు. కాసేపటికి ఆయన ఆ కుప్ప మధ్యలో కూలబడ్డాడు.

భాయ్ పైకి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. యజమాని పక్కన కూర్చోవడం అతని జీవితంలో అదే మొదటిసారి అయ్యుండాలి. తర్వాత అతనే అడిగాడు.

"అమ్మ ఇంట్లో ఏం కోకలు కడతాండె అన్నా?"

షావుకారు ఆలోచించాడు. "నేతవి. పట్టువి తెస్తే పెట్టెలో పెడతాండె. బరువురా నాయనా అంటాండె," అని ఏడుపు అందుకున్నాడు. చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఊరుకోండి అనబోయిన నన్ను భాయ్ చేత్తో ఆపాడు. ఏడుపు దానంతటదే తగ్గాక కిందికి వెళ్ళి, సన్న అంచున్న తేలికపాటి నేత చీర ఒకటి తెచ్చి ఆయన రెండు చేతుల్లో పెట్టాడు. ఆయన దాన్ని కాసేపు తూకం చూస్తున్నట్టు పట్టుకొని, నా చేతికి ఇచ్చాడు.

"నువ్వు పట్టుకోని రా. జమ్మలమడుగు నుంచి వచ్చినట్టే రావల్ల," అన్నాడు.

ఆ చీర రెండు చేతులా పట్టుకొని వీధంతా నడిచి వాళ్ళింటికి వెళ్ళాను. నా ఉద్యోగం మొత్తంలో నేను గర్వంగా మోసిన చీర అదే.

ఆ ఏడు ఊరంతా దసరా వైభవంగా చేసుకుంటే మా అంగడి దీపాలు లేకుండా గడిచింది. దినాలు అయిపోయాయి. ఒక పొద్దున భాయ్ నా దగ్గరికి వచ్చి, వీసా వచ్చింది మామా, పండగ కూడా అయిపోయింది గదా అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే నాకు కష్టమనిపించింది. ఇక తప్పదనుకొని షావుకారు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నేను నోరు తెరవక ముందే ఆయన మొదలుపెట్టాడు.

"పక్క వాకిట్లో బల్ల శానా పొట్టిదప్పా. ఇద్దరు కూచుంటే మూడో మనిషికి చోటుల్యా. వడ్లాయన్ను పిలిపించి పొడుగుది చేయించు."

"సరే," అన్నాను. ఇంకేమైనా అంటాడేమోనని ఆగాను. ఆయన ఫోన్ తీసుకొని ఎవరితోనో సరుకు గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. మా షావుకారు అంత కంటే పెద్ద క్షమాపణ చెప్పగా నేను ఎన్నడూ వినలేదు.

సందులోకి వెళ్ళి భాయ్‌కు బల్ల సంగతి చెప్పాను. మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను.

"అయితే నేను పోయే పన్లేదా మామా?"

"ల్యా. ఈడనే కూచో."

చేరినప్పటి నుంచి ఒక్కనాడూ సెలవు అడగని మనిషి, ఆ పూట సెలవు కావాలన్నాడు. ఇడుపులపాయకు పోయి కూతురికి చెప్పి వస్తానన్నాడు. ఎండలో అంత దూరం ఎందుకు, ఫోన్ చేసి చెప్పొచ్చు గదా అన్నాను.

"ఇన్నేండ్లూ అన్నీ ఫోన్లోనే చెప్పినా మామా. ఇది పోయి చెప్తా," అని చెప్పులు వేసుకున్నాడు.